మనలను గూర్చి మనము వ్రాసికొనుట



ఈ శతవార్షిక సంచిక కొరకు, వివిధ వృత్తులలో ఉన్న మన సభ్యులను తమను గూర్చి ఆరేసి పంక్తులు వ్రాసి ఇమ్మని తంబళ్లపల్లెలో మేము అడిగితిమి. కొందరు డిగ్రీలు, పదవులు వరుసగా వ్రాసిరి. చేసిన పని మాత్రము కనబడలేదు. మరికొందరు కాగితమును ఉన్నది ఉన్నట్లే తిరిగి ఇచ్చిరి. వారిలో ముప్పది యేండ్లు రోగులకు పరిచర్య చేసిన నర్సమ్మగారు ఒకరు. "నాదేముందమ్మా రాసేదానికి?" అని ఆమె అనెను.

ఇది చిన్న సంగతి కాదు. ఇట్టి ఆరు పంక్తులే నేడు మన పిల్లల ఉద్యోగపు దరఖాస్తులతో పోవుచున్నవి. అక్కడ చదువువారు మనలను ఎరుగరు. ఆ కాగితమునే ఎరుగుదురు.

మన మదనపల్లె ప్రక్కనున్న ఆరోగ్యవరమునే చూడుడి. డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ గారిని గూర్చి "గొప్ప వైద్యుడు, సేవాతత్పరుడు" అని వ్రాసినచో అది ఎందరికైనను సరిపోవును. "క్షయరోగమునకు తగిన మందు లేని కాలమున, పలు మిషనులు కలిసి 1912లో స్థాపించిన ఆరోగ్యవరం శానిటోరియమును నడిపిన డెన్మార్కు వైద్యుడు" అని వ్రాసినచో ఆయనకు మాత్రమే సరిపోవును. ఇరుగుపొరుగు వారికి కూడ సరిపోవు మాటను కొట్టివేయవలెను.

కావున మొదటి వాక్యములో మనమెవరము, ఏ పని, ఎక్కడ చేయుచున్నామో చెప్పుదము. రెండవదానిలో చేసిన ముఖ్యమైన పనిని సంవత్సరముతో, లెక్కతో చెప్పుదము. పిమ్మట చదువు, శిక్షణ. చివర, ఇకమీదట ఏ పని చేయగోరుచున్నామో. ఆసుపత్రికి పంపునప్పుడు వార్డులో చేసిన పని ముందుండవలెను. పాఠశాలకైతే చెప్పిన తరగతులు. "కష్టజీవి, నిజాయితీపరుడు" అనుట మన పని కాదు. మన పనిని చూచి చదువరి ఆ మాట అనుకొనవలెను.

ఇది ఆత్మస్తుతి కాదా అని మనలో కొందరి సందేహము. సాక్షి తాను చూచినదానిని చెప్పును. ఎక్కువ చెప్పినచో అబద్ధమగును. నోరు మెదపనిచో సత్యము మరుగున పడును. ఋజువు చూపలేని మాట ఒక్కటియు వ్రాయరాదు. ఋజువున్న మాటను దాచనక్కరలేదు.

తుదకు మేము ఆ నర్సమ్మగారి ఇంటికి పోయి ఒక్కొక్క ప్రశ్న అడిగితిమి. రాత్రివేళ ఎడ్లబండిమీద పోయి చేసిన కాన్పులు, తాను పని నేర్పిన ఇద్దరు ఆడపిల్లలు నేడు నర్సులైన సంగతి, అన్నియు బయటపడినవి. వ్రాసి చదివి వినిపించితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "ఒక లెక్క తప్పు రాసినారు, దిద్దండి" అనెను. దిద్దితిమి.

యౌవనస్థులారా, మీ దరఖాస్తు వ్రాసికొనుటకు ముందు మీ ఇంటి పెద్దలలో ఒకరిని అడిగి వారి ఆరు పంక్తులు వ్రాయుడి. మీవి వ్రాయుట అప్పుడు మీకే తెలియును.