ఇంటి షెడ్డులో విమానం

సెలవురోజున కొందరు మొక్కలు పెంచుతారు, కొందరు పాత స్కూటరు విప్పి బిగిస్తారు. అమెరికాలో కొందరైతే ఏకంగా విమానమే కట్టేస్తారు! అలాంటివాళ్లు 1953లో పాల్ పోబెరెజ్నీ చొరవతో మిల్వాకీలో ఒక సంఘం పెట్టుకున్నారు. అదే ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్. ఏటా వేసవిలో ఆష్‌కాష్ పట్టణంలో వీరి జాతర జరుగుతుంది.

అమెరికాలో ఇలాంటి విమానాలకు ముఖ్య నియమం ఇది: తయారీ పనిలో సగానికి మించి ఔత్సాహికులే చేసివుండాలి, అదీ నేర్చుకోవడానికో సరదాకో. ఇంజను, ప్రొపెల్లరు కొనుక్కోవచ్చు.

విడిభాగాల కిట్ తెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా తోకతో మొదలుపెడతారు. అల్యూమినియం రేకుకు రంధ్రం వేశాక అంచు గరుకు తీయాలి; వదిలేస్తే పగులు అక్కడే పుడుతుంది. తర్వాత రివెట్లు. ఒకరు బయటినుంచి గాలితో నడిచే సుత్తి ఆనిస్తే, మరొకరు లోపలికి చెయ్యి దూర్చి ఇనుపదిమ్మ అదిమి పట్టాలి. దిమ్మ జారిందా, రేకు సొట్టపోయినట్టే! ఇలాంటి రివెట్లు వేలల్లో ఉంటాయి.

విమానం పూర్తయి, తనిఖీ అయ్యాక కూడా సాధారణంగా 25 నుంచి 40 గంటలు జనావాసాలకు దూరంగా ఎగిరి చూడాలి. అప్పటిదాకా సరదాగా ఎవరినీ ఎక్కించుకోకూడదు.

మన దేశంలోనూ పైలట్ అమోల్ యాదవ్ ముంబయిలో మేడపైన ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనకు తెచ్చారు. రెక్కలకన్నా ముందు కావలసింది ఓపిక.