పన్ను లేకపోయినా ఆలస్య రుసుము తప్పదు

(తుమ్మలపల్లెలో జరిగిన పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం కలిసినప్పుడు నకారా కేసు గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఆ రోజే కదా. ఆ సంగతి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను ఆదాయపు పన్ను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఆడిటరును కాను. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే దిగిపోయినవాణ్ణి. కాకపోతే ఈ విషయంలో దండుగ కట్టుకున్నవాణ్ణి. నా అర్హత అంతే.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో నా బల్ల మీద పని శిస్తు బాకీలది. డిమాండు ఎంత, వసూలు ఎంత, నిలువ ఎంత అని ఊరూరికీ పట్టిక రాయాలి. కట్టనివారికి 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం కింద నోటీసు తయారు చేయాలి. మన్రో దొర 1800లో ఈ దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చి రైతువారీ పెట్టిపోయాడు గానీ, వానలు పెట్టిపోలేదు. శనక్కాయ పోయిన ఏడు ఒక రైతు జమాబందీ అయిపోయిన మరునాడు డబ్బు తెచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. 'సారూ, ఒక్క దినమే కదా' అన్నాడు. 'గడువంటే గడువేనయ్యా' అన్నాను. చట్ట ప్రకారం నేనన్నది సరైనదే. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో 2023 డిసెంబరులో జ్ఞాపకం వచ్చింది.

జరిగింది ఇది. నాయన భాగం పంచి ఇచ్చిన మెట్ట నాలుగెకరాలు అమ్మి, ఆ సొమ్ము రెండు బ్యాంకుల్లో డిపాజిట్టు వేసుకున్నాను. పల్లెలో సాగుభూమి కాబట్టి అమ్మిన సొమ్ముకు పన్ను పడలేదు. అక్కడే మోసపోయాను. అసలుకు పన్ను లేదు గనుక దాని మీద వచ్చే వడ్డీకీ ఉండదనుకున్నాను. పైగా ఒక బ్యాంకువారు టి.డి.ఎస్. కోస్తున్నారు, ట్రెజరీవారు పింఛను లెక్క చూసుకుంటున్నారు, ఇంక నేను చేసేదేముంది అని కూర్చున్నాను. రెండో బ్యాంకులో 15-హెచ్ ఫారం చేతికిస్తే చదవకుండా సంతకం పెట్టాను. నలభై ఏళ్లపాటు ఇతరుల సంతకాలు సరిచూసినవాణ్ణి!

ఆ డిసెంబరులో ఫోనుకు సందేశం వచ్చింది. మా మనవరాలు చదివి, 'తాతా, నువ్వు రిటర్ను వేయలేదంట' అంది. పులివెందులకు పోయి, తెలిసిన ఒకాయనతో లెక్క కట్టించాను. 2022–23లో పింఛను 4,20,000. రెండు బ్యాంకుల వడ్డీ 2,30,000. స్టాండర్డ్ డిడక్షను 50,000, వృద్ధులకు వడ్డీ మీద ఇచ్చే మినహాయింపు 50,000 పోగా నిలిచింది 5,50,000. అయిదు లక్షలు దాటింది గనుక రిబేటు రాలేదు. పన్ను, సెస్సు కలిపి 20,800. బ్యాంకు కోసింది 12,000. నేను కట్టాల్సింది 8,800.

దీని మీద వడ్డీ నెలకు 1 శాతం. నెలలో ఒక్కరోజు గడిచినా నెల కిందే లెక్క. గడువు జులై 31 కాబట్టి ఆగస్టు నుంచి డిసెంబరుకు అయిదు నెలలు, 440 రూపాయలు. ఇంతే కదా అని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడాయన, 'సార్, ఇంకా అయిదు వేలుంది' అన్నాడు. అది పన్ను కాదు, వడ్డీ కాదు. రిటర్ను ఆలస్యంగా వేసినందుకు రుసుము. 1961 చట్టంలో 234-ఎఫ్ సెక్షను. ఆదాయం అయిదు లక్షల లోపైతే వెయ్యి, దాటితే అయిదు వేలు. మా ఇంటావిడకు అయ్యే రెండు నెలల మందుల ఖర్చు అది. 'ఊరందరికీ నోటీసులు రాసినారు, మీ నోటీసు మీరు చూసుకోలేదా' అంది ఆమె. జవాబు చెప్పలేకపోయాను.

శిస్తులో శిక్ష డబ్బు ఆలస్యమైనందుకు. ఇక్కడ డబ్బుతోపాటు కాగితానికీ శిక్ష ఉంది, నా విషయంలో కాగితానిదే పదింతలు ఎక్కువైంది. మన పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో కేంద్రానికొక రిటర్ను, రాష్ట్రానికొక రిటర్ను, ఆలస్యమైతే రెండు చోట్లా దండుగ అని చెబుతుంటారు. మనకు ఆ బాధ లేదు. వ్యవసాయ ఆదాయం తప్ప మిగతా ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం కేంద్రానికే ఇచ్చింది. సర్వీసులో ఉన్నప్పుడు జీతం బిల్లులో కోసిన వృత్తి పన్ను ఒక్కటే రాష్ట్రానిది.

ఇప్పుడు అసలు సంగతి. 'కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల వరకు పన్ను లేదు, మనకింక రిటర్నెందుకు' అని చావడి దగ్గర చాలామంది అంటున్నారు. 2025–26 ఆదాయం నుంచి కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల వరకు రిబేటు ఉన్నమాట నిజం. కానీ రిబేటు వేరు, మినహాయింపు హద్దు వేరు. ఆ హద్దు నాలుగు లక్షలే. నాలాగే పింఛను, వడ్డీ కలిపి ఆరున్నర లక్షలు వచ్చేవారికి పన్ను సున్న. రిటర్ను మాత్రం వేయాలి. గడువు దాటి వేస్తే సున్న పన్నుకు అయిదు వేల రుసుము. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది. పన్ను ఎగ్గొట్టనివాడికి అంత దండుగ ఎందుకు? మన సంఘం దీని మీద ఒక తీర్మానం చేసి పంపితే బాగుంటుందని నా మనవి. అంతవరకు చట్టం చట్టమే.

75 ఏళ్లు దాటితే రిటర్ను అక్కర్లేదన్న మాట కూడా వినిపిస్తోంది. అది సగమే నిజం. పింఛను, వడ్డీ తప్ప వేరే ఆదాయం ఉండకూడదు. ఆ వడ్డీ కూడా పింఛను జమయ్యే బ్యాంకులోదే కావాలి. ఆ బ్యాంకుకు డిక్లరేషను ఇవ్వాలి. పోస్టాఫీసులో డిపాజిట్టు ఉన్నా ఈ సౌకర్యం పోతుంది.

పాత పద్ధతే లాభమనుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. 2023–24 ఆదాయం నుంచి, గడువు లోపల రిటర్ను వేసిన పింఛనుదారుకే పాత పద్ధతి ఎంచుకునే వీలుంది. ఆలస్యమైతే కొత్త పద్ధతిలోనే లెక్క. రిటర్ను పంపాక 30 రోజుల్లో ఆధార్ ఓ.టి.పి.తోనో, సంతకం చేసిన కాగితం బెంగళూరుకు పంపో ధ్రువీకరించాలి. అది మరిచి ఆలస్యంగా చేస్తే, చేసిన రోజే రిటర్ను వేసినట్టు లెక్క. 2025లో జులై 31 గడువును సెప్టెంబరు 16 దాకా పొడిగించారు. ఏటా అలాగే చేస్తారని కూర్చోవద్దు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చేలా 2025లో కొత్త చట్టం చేశారు. అందులో సెక్షన్ల నంబర్లు వేరు. నంబర్లు బట్టీ పట్టకండి, తేదీలు పట్టండి. లైఫ్ సర్టిఫికెట్ తేదీ మనకెవరికీ మరుపు రాదు కదా.

జులైలో వేయనివారికి రుసుముతో వేయడానికి డిసెంబరు 31 దాకా వీలుంది. ఇంకా రెండు వారాలు. అదీ దాటితే అప్‌డేటెడ్ రిటర్ను ఒక్కటే దారి. దానికి పన్ను, వడ్డీల మీద ఇంకో 25 శాతం నుంచి, ఏళ్లు గడిచేకొద్దీ 70 శాతం దాకా అదనం. రీఫండు రావాల్సినవారికి అది పనికిరాదు; బ్యాంకు కోసుకున్న టి.డి.ఎస్. సొమ్ము పోయినట్టే.

భోజనాలయ్యాక నేను ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను. ఫారం 16, బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్లు, ఆధారుకు జతపడిన ఫోను తెచ్చినవారు రండి. మా మనవరాలు కంప్యూటరు తెచ్చింది. భర్త పోయాక కుటుంబ పింఛను తీసుకుంటున్న అమ్మలు ముందు రావాలి. బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో వాళ్లలో చాలామందికి ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు.