సముద్రము దాటు వధువు – వీసా విచారణ



వేయి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయవలెనని మనలో సామెత యున్నది. ఆ సామెత పుట్టిన కాలమున వియ్యంకుల యూరు బండిదారిలో నుండెడిది. దాచిన మాట యేదైన బయటపడినను నలుగురు పెద్దలు అరుగుమీద కూర్చుండి సర్దిచెప్పగలిగెడివారు. నేడు మన పిల్లలు గోదావరి తీరమునుండియు, గుంటూరు సీమనుండియు, తెలంగాణ జిల్లాలనుండియు పెండ్లియాడి అమెరికాకు కాపురమునకు పోవుచున్నారు. ఆ దేశపు అధికారి యెదుట ఈ సామెత చెల్లదు. నిజమైన పెండ్లిని సైతము నిష్ఫలము చేయుటకు అక్కడ ఒక్క అబద్ధము చాలును. ఆ విచారణ యెట్లు జరుగునో, దానికి ముందు పెద్దలు చేయవలసిన దేమో, చేయరాని దేమో ఈనాడు మీకు విన్నవించెదను.

మొదట ఒక భేదమును గ్రహింపవలెను. అల్లుడు హెచ్-1బి వీసాపై అక్కడ ఉద్యోగము చేయుచున్నవాడైనచో, భార్య హెచ్-4 అను తాత్కాలికపు వీసాను హైదరాబాదులోని కాన్సులేటులోనే అడుగవచ్చును. నేను చెప్పబోవునది దానిని గూర్చి కాదు. అల్లుడు అమెరికా పౌరుడుగాని, గ్రీనుకార్డు గలవాడుగాని యైనపుడు, భార్యను శాశ్వత నివాసమునకు పిలిపించుకొనుటను గూర్చి. ఇందుకు అతడే ఐ-130 అను ఫారము నింపి అక్కడి ప్రభుత్వమునకు పంపవలెను. పౌరుని భార్యకు ఏటికి ఇందరే యను పరిమితి లేదు. గ్రీనుకార్డు గలవాని భార్యకు పరిమితి కలదు గనుక ఆమె వరుసలో వేచియుండవలసి రావచ్చును. భర్త తన ఆదాయమును చూపి, భార్య పోషణకు చట్టబద్ధమైన హామీ వ్రాసి యీయవలెను. ఆ ఆదాయము సాధారణముగా అక్కడి దారిద్ర్యరేఖకంటె నూటికి 25 వంతులైన ఎక్కువగా నుండవలెను. చాలనిచో అక్కడనే యుండు మరియొకరు జామీనుగా నిలువవచ్చును. వధువు పోలీసు ధ్రువపత్రము తెచ్చుకొని, కాన్సులేటువారు నియమించిన వైద్యులచే పరీక్ష చేయించుకొనవలెను. ఆ మీదట విచారణ. మన దేశమున ఇది ఎక్కువగా ముంబయి కాన్సులేటులో జరుగును.

ఆనాడు లోనికి పోవునది వధువు. తండ్రియు, మామయు, సంబంధము తెచ్చిన మధ్యవర్తియు వెలుపలనే నిలిచిపోవుదురు. ఆమె వ్రేలిముద్రలు తీసికొందురు. కిటికీకావల నున్న అధికారి, కుడిచేయి యెత్తి నిజమే చెప్పెదనని ప్రమాణము చేయుమనును. పిమ్మట ప్రశ్నలు వచ్చును. సంబంధము నెవరు తెచ్చిరి? పెండ్లిచూపులు ఎక్కడ జరిగినవి? పెండ్లికి వరుని తరపున ఎవరెవరు వచ్చిరి? పెండ్లియైన పిమ్మట ఎన్ని దినములు కలసియుంటిరి? భర్త యే యూరిలో, ఏమి పని చేయుచున్నాడు? అతనికిగాని, నీకుగాని ఇదివరకు పెండ్లియైనదా? మీరిరువురు ఎంత తరచుగా మాటలాడుకొందురు? తరచుగా అడుగునవి ఇట్టివే. కొన్ని నిమిషములలో ముగియుటయు కలదు.

దంపతులిరువురు అమెరికాలోనే యుండి దరఖాస్తు పెట్టుకొన్నచో, అక్కడి వలస కార్యాలయమువారు ఇద్దరిని కలిపి పిలుతురు. అనుమానము కలిగినపుడు ఇద్దరిని వేరువేరు గదులలో కూర్చుండబెట్టి, అవే ప్రశ్నలడిగి, జవాబులను సరిపోల్చి చూతురు. న్యూయార్కులో 1976లో స్టోక్సు అను కేసున కుదిరిన ఒప్పందమును బట్టి ఇట్టి విచారణకు ఆ పేరే వాడుకలోనికి వచ్చినది.

ఈ ప్రశ్నలు వధువు తెలివిని కొలుచుటకు కావు. పెండ్లినాడు ఆ ఇరువురికి కలసి కాపురము చేయు సంకల్పముండెనా లేదా యనునదే అక్కడి చట్టము చూచు విషయము. 1975లో అక్కడి అప్పీలు న్యాయస్థానమొకటి ఈ మాటనే తేల్చి చెప్పినది. పెద్దలు కుదిర్చిన పెండ్లి యగుట దోషము కాదు. రెండు వారముల సెలవులో వచ్చి పెండ్లాడి పోవుటయు దోషము కాదు. కాని అట్టివి అడుగదగిన సంగతులు గనుక అడుగుదురు.

ఇంత జాగ్రత్త యెందుకనగా, దానికొక చరిత్ర యున్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరము 1945లో అమెరికా తన సైనికుల భార్యలు సులభముగా దేశములో ప్రవేశించుటకు చట్టము చేసినది. దాని నాశ్రయించి కొందరు పారిస్ నగరమున పేరునకు మాత్రము పెండ్లి జరిపించుకొని, ప్రవేశించిన పిమ్మట కాపురమే చేయలేదు. 1953లో సుప్రీముకోర్టు ఆ కుట్ర చేసినవారి శిక్షలను ఖాయపరచెను. 1986లో మరియొక చట్టము వచ్చి నిబంధనలను బిగించినది. వీసాకొరకే పెండ్లి నటించుట నేరము. దానికి ఐదేండ్లవరకు చెర, 2,50,000 డాలరులవరకు జుల్మానా. అంతకంటె కఠినమైన దింకొకటి. అట్టి పెండ్లి యని ఒకసారి తేలినచో, ఆ వ్యక్తి తరువాత నిజముగా పెండ్లాడినను ఆ భర్త పెట్టు అర్జీని అంగీకరింపరు.

మన పల్లెలలో ఇట్టి నటన అరుదని మీరనవచ్చును. నిజమే. మన యిండ్లలో అబద్ధము వేరొక దారిని వచ్చును. పిల్లకు మొదట జరిగిన పెండ్లి సంగతి చెప్పవద్దందురు. వయస్సు రెండేండ్లు తగ్గింతురు. మధ్యవర్తి తెచ్చిన సంబంధమును ‘‘కళాశాలలో పరిచయము’’ అని చెప్పుమందురు. ప్రమాణము చేసి ముఖ్యమైన విషయమున అబద్ధమాడినట్లు తేలినచో, ఆమెకు ఆ దేశ ప్రవేశమే జీవితాంతము నిషిద్ధము కావచ్చును. ఆ నిషేధమునకు మినహాయింపు కలదుగాని, దాని మార్గము మిక్కిలి ఇరుకైనది. కాపురము నిజము, పెండ్లి నిజము, ప్రేమ నిజము; అయినను పెద్దలు నేర్పిన ఒక్కమాటవలన ఆలుమగలు చెరియొక ఖండమున మిగిలిపోవుదురు.

ఇందు మరియొక చిక్కు కలదు. ఇది ప్రత్యేకముగా మీవంటి పెద్దలకు చెప్పవలసినది. మన యూళ్లలో పెద్దమనుష్యుల యెదుట కాగితము వ్రాసికొని, ‘‘తెగతెంపులైనవి’’ అని లేచిపోవుట కలదు. 1955 నాటి హిందూ వివాహచట్టము ఆచారసిద్ధమైన విడాకులను పూర్తిగా త్రోసివేయలేదు. కాని అట్టి యాచారము ఆ కులమున చిరకాలముగా ఉన్నదని రుజువు కావలెను. రుజువు కానిచో మొదటి పెండ్లి నిలిచియే యుండును, రెండవది చెల్లదు. చెల్లని పెండ్లికి వీసా లేదు. కనుక రెండవ ముహూర్తమునకు ముందే కోర్టు డిక్రీ చేతనుండవలెను. పంచాయతీ కాగితమునకు సాక్షి సంతకము చేయుటకంటె, కోర్టుకు పొమ్మని చెప్పుటయే ఆ పిల్లకు మీరు చేయు మేలు.

ఇక కాగితముల మాట. శుభలేఖ సాక్ష్యమునకు సాయపడును గాని, పెండ్లి రిజిస్ట్రేషను ధ్రువపత్రమునకు బదులు కాజాలదు. మన రాష్ట్రమున 2002 నాటి చట్టమువలన ఆ రిజిస్ట్రేషను నిర్బంధమైనది. పీటలమీది దంపతుల బొమ్మలేగాక, రెండు కుటుంబములవారు కలసియున్న బొమ్మలను కూడ దాచియుంచవలెను. పేర్ల విషయమున మిక్కిలి జాగ్రత్త కావలెను. మన యింటిపేరు ముందు వచ్చును. ఒక కాగితమున పూర్తిగాను, మరియొకదాన పొడి యక్షరముగాను ఉండును. పాసుపోర్టున ఉన్నట్లే అన్నిట నున్నదో లేదో ముందుగానే చూచి సరిచేయింపవలెను. ఇంటిలో పుట్టి, జననము నమోదు కానివారు, నమోదు లేదను ధ్రువపత్రమును రిజిస్ట్రారు కార్యాలయమున పొంది, బడి ధ్రువపత్రమును, పుట్టుక నెరిగిన బంధువుల ప్రమాణపత్రమును జతపరుపవలెను. ఆ ప్రమాణపత్రముపై సంతకమునకు మీయొద్దకే వత్తురు. మీరెరిగినదే వ్రాయుడు, ఎరుగనిదానికి చేవ్రాలు చేయకుడు.

జవాబులు వల్లెవేయింపకుడు. తారీఖు జ్ఞాపకము లేనిచో ‘‘జ్ఞాపకము లేదు’’ అనుటయే సరియైన జవాబు. ప్రశ్న బోధపడనిచో మరల అడుగుమని కోరవచ్చును. కాగితము తక్కువైనదని చీటీ యిచ్చి పంపినంత మాత్రమున పెండ్లి వీసా పోయినట్లు కాదు. అది తెచ్చి యిచ్చినచో మరల చూతురు. పెండ్లినే శంకించినచో అర్జీని అమెరికాకు త్రిప్పి పంపుదురు. అక్కడ భర్త సమాధానము చెప్పుకొనుటకు అవకాశముండును.

వీసా దొరకి, ఆ దేశమున అడుగిడునాటికి పెండ్లియై రెండేండ్లు నిండనిచో, మొదట రెండేండ్ల షరతు కార్డే యిత్తురు. అది ముగియుటకు ముందటి 90 దినములలో ఆలుమగలు కలసి మరల దరఖాస్తు పెట్టవలెను. ఈ నిబంధనను చూపి, ‘‘నా సంతకము లేనిదే నీకు దిక్కులేదు’’ అని భార్యను బెదరించు భర్తలుందురు. అది నిజము కాదు. నిజముగా కాపురమునకు వచ్చి హింసకు గురియైన భార్య, భర్త సంతకము లేకయే తన హక్కును కోరవచ్చును. ఈ హక్కులను తెలుపు పత్రము నొకదానిని వధువుల కందజేయుటకు అక్కడ చట్టము చేసిరి. చేతికి వచ్చిన ఆ పత్రమును పెట్టెలో పడవేయక, పిల్లతోగూడ కూర్చుండి చదువుడు.

కడపటి మాట. ముహూర్తము పెట్టుటకు ముందే పిల్లను ఒంటరిగా కూర్చుండబెట్టి, ఈ సంబంధము నీకు సమ్మతమేనా యని అడుగుడు. వరునికి ఇదివరకు పెండ్లియైనదా, అతడు పౌరుడా, గ్రీనుకార్డు గలవాడా, తాత్కాలికోద్యోగియా యని కాగితము చూచి తెలిసికొనుడు. రేపు కిటికీ యెదుట ప్రమాణము చేసి చెప్పవలసినది ఆ పిల్లయే. అప్పుడామె వెంట మీరెవ్వరును ఉండరు; మీరు చెప్పిన నిజము మాత్రమే యుండును.