పాత బండి – దాగిన నిప్పురవ్వ



పాత మోటారు సైకిలు ఒకటి నడిరోడ్డుమీద ఊపిరి విడిచి నిలిచిపోయినప్పుడు, చుట్టూ చేరిన నలుగురిలో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటి ఉన్నది: "సి.డి.ఐ. పోయి ఉంటుంది." బండి చట్రంలో ఎక్కడో ఒదిగియుండే ఆ చిన్న నల్లపెట్టెను గురించి మనకు తెలిసినది స్వల్పం. తెలియనిదానిమీద నేరం మోపడం సులభం. ఆ పెట్టె నిర్దోషి అని తేలడానికి మా ఇంట మూడు నెలలు పట్టినది. ఆ వృత్తాంతమే నేటి ప్రసంగానికి ఆధారం.

బండి మా అన్నగారిది. 1988లో కొన్న ఆర్.ఎక్స్. 100. యమహావారి సహకారంతో ఎస్కార్ట్స్ సంస్థ ఈ బండ్లను మన దేశంలో 1985లో విడుదల చేసినది. 1996తో వాటి తయారీ ముగిసినది. వింటేజి అనే మాటను రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వపు వాహనాలకే వాడవలెనని పట్టుపట్టే పెద్దలు ఉన్నారు. వారితో నాకు వాదం లేదు. అన్నగారు ఆదివారంనాడు తన చేతితో తుడిచి, నూనె పెట్టి, కాపాడుకున్న బండి అది. ఆయన పోయిన తరువాత కుమారుని చేతికి వచ్చినది. మాకు ఆ ప్రాచీనత చాలును.

ఒకనాటి రాత్రి మావాడు గుంటూరు వైపునుండి వస్తూ ఉండగా, కనకదుర్గ వారధిమీద ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయినది. ఈ రకం బండిలో ముందు దీపానికి విద్యుత్తు ఇంజను తిరిగితేనే వస్తుంది. ఇంజనుతోపాటు దీపమూ ఆరినది. వెనుక లారీ. ఆ డ్రైవరు చూపు మంచిది కాబట్టి పిల్లవాడు ఇంటికి వచ్చినాడు. అరగంట తరువాత అదే బండి ఒక్క కిక్కుతో కదలినదట!

ఆ తరువాత ఇది నిత్యకృత్యమైనది. ఇరవై నిమిషాలు పరుగెత్తడం, ఆగడం, చల్లబడినాక మరల బయలుదేరడం. ఒక మెకానిక్కు నల్లపెట్టె మార్చినాడు. వారం రోజులకు మరల అదే కథ. మరొకరు ఆ కొత్త పెట్టె నాసిరకమని చెప్పి ఇంకొకటి పెట్టినారు. అప్పటికి మా వదినగారు, "దీన్ని ఎవరికైనా ఇచ్చివేయండి బాబూ, వాడు ఇల్లు చేరేదాకా నాకు ముద్ద దిగడం లేదు" అన్నారు. కొనేవారు సిద్ధంగానే ఉన్నారు. ఒక్క వారం గడువు అడిగి, బండిని నేను మా ఇంటికి తెచ్చుకున్నాను.

పూర్వపు జావాలు, రాజ్‌దూత్‌లు, బుల్లెట్లు నడిపినవారికి ప్లాటినం పాయింట్లు జ్ఞాపకం ఉండవలెను. ఇంజను తిరుగుతున్నప్పుడు రెండు లోహపు మొనలు కలుస్తూ విడిపోతూ ఉండేవి. విడిపోయిన క్షణాన నిప్పురవ్వ పుట్టేది. అవి మాడితే ఆకురాయితో రుద్దేవారు, ఎడం తప్పితే రేకు పెట్టి సరిచేసేవారు. రోగం కంటికి కనిపించేది. సి.డి.ఐ.లో కలిసి విడిపోయే మొనలు లేవు. మాగ్నెటోలోని ఒక కాయిలు విద్యుత్తు పుట్టిస్తుంది. నల్లపెట్టెలోని కెపాసిటరు దానిని 200 నుండి 400 వోల్టులవరకు నింపుకొని, తలుపు వేసిన చెరువువలె కాచుకొని ఉంటుంది. పల్సర్ కాయిలు అనే మరొక చిన్న కాయిలు, పిస్టను సరియైన చోటికి రాగానే, ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతంతో తలుపు తెరచుకొని, నిండిన విద్యుత్తు అంతా ఒక్కసారిగా ట్యాంకు క్రింది పెద్ద కాయిలులోనికి దూకుతుంది. అక్కడ వేల వోల్టులుగా పెరిగి ప్లగ్గు కొనమీద రవ్వయై మెరుస్తుంది. ఈ రవ్వ అతి శీఘ్రంగా పుడుతుంది కనుక, నూనె మసి పట్టిన ప్లగ్గుమీద కూడ కొంతవరకు పని చేయగలదు. పెట్రోలులో నూనె కలిసి కాలే రెండు స్ట్రోకుల ఇంజనుకు ఇది బాగా కలిసివచ్చిన గుణం.

మరొక విశేషం. ఈ ఏర్పాటుకు బ్యాటరీతో పని లేదు. బ్యాటరీ చచ్చినా ఆర్.ఎక్స్. 100 కదలుతుంది. బండి ఆగగానే బ్యాటరీని నిందించేవారు ఈ సంగతి గమనించవలెను.

మరి లోపం ఎక్కడ ఉన్నదో ఎట్లా పట్టుకోవలెను? బండి ఆగిన చోటనే, ఆగిన క్షణాననే పట్టుకోవలెను. చల్లబడిన బండిని మెకానిక్కు ముందు నిలబెట్టడం, జ్వరం తగ్గిన తరువాత రోగిని వైద్యుని దగ్గరకు తీసుకొని పోవడం వంటిది. ఆ ఇద్దరు మెకానిక్కులు పొరబడినది ఇక్కడనే. వారి ముందు బండి ఎప్పుడూ బాగానే నడచినది.

నేను ఒక ప్లగ్గు స్పానరు, ఒక కొత్త ప్లగ్గు, ఒక మల్టీమీటరు జేబులో వేసుకొని బందరు రోడ్డుమీద బయలుదేరినాను. అనుకున్నట్లే కొంతదూరం పోయినాక బండి మొరాయించినది. ముందుగా పెట్రోలు ట్యాంకు మూత తెరచినాను. ఎందుకనగా, ఆ మూతలో గాలి పోవడానికి ఒక సన్నని రంధ్రం ఉంటుంది. అది పూడిపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, కొంతసేపటికి పెట్రోలు దిగడం మానుతుంది. కాసేపు ఆగితే మరల దిగుతుంది. లక్షణాలు అచ్చంగా ఇవే! మూత తెరచి కిక్కు కొడితే బండి కదలినదంటే, దోషం విద్యుత్తుది కానే కాదు. మా బండి కదలలేదు.

తరువాత ప్లగ్గు విప్పినాను. కొన పెట్రోలుతో తడిసి ఉన్నది. అనగా ఇంధనం వస్తున్నది, అంటించేది లేదు. కొత్త ప్లగ్గును టోపీకి తగిలించి, దాని లోహపు భాగాన్ని సిలిండరు రెక్కలకు గట్టిగా ఆనించి కిక్కు కొట్టినాను. ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పవలెను. ప్లగ్గును లోహానికి ఆనించకుండా గాలిలో వదలి కిక్కు కొట్టరాదు. దారి దొరకని వేల వోల్టులు కాయిలునో, పెట్టెనో చీల్చుకొని పోవచ్చును. ప్లగ్గు విప్పిన రంధ్రానికి దగ్గరగా రవ్వను పరీక్షించరాదు. అందులోనుండి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, అంటుకుంటుంది. సి.డి.ఐ. రవ్వ సన్ననిది, క్షణికమైనది. పట్టపగటి ఎండలో కనిపించదు. తువ్వాలు నీడ పట్టి చూచినాను. రవ్వ లేదు.

మూడవ పరీక్ష చాలమంది ఎరుగనిది. తాళం తిప్పి ఇంజను ఆపినప్పుడు జరిగేది ఏమి? పెట్టెకు చేరవలసిన విద్యుత్తును ఒక తీగ చట్రంలోనికి మళ్ళిస్తుంది. అంతే. ఆ తీగ ఆ కాలపు యమహాలలో సాధారణంగా తెల్లచార గల నల్లతీగ. హ్యాండిలు దగ్గర అది రాపిడికి ఒరిసి చట్రానికి తగిలినా, తాళం స్విచ్చిలోనికి వాననీరు దిగినా, బండి తనంతట తానే ఆగిపోతుంది. దాని జోడింపు విడదీసి కిక్కు కొడితే రవ్వ వచ్చినదా, రోగం స్విచ్చిలో ఉన్నట్లు. చేతికి ఖర్చులేని పరీక్ష ఇది. దీనిని చేయకుండా పెట్టెలు మార్చేవారిని చూస్తే నాకు చిరాకు కలుగుతుంది. అయితే ఆ తీగ విడిగా ఉన్నంతసేపు తాళంతో ఇంజను ఆగదు సుమా! మా బండికి దీనివల్లా రవ్వ రాలేదు.

ఇక మిగిలినవి కాయిళ్ళు. ఇంజను ఇంకా చేయి పెట్టరాని వేడిమీద ఉన్నది. మాగ్నెటోనుండి వచ్చే తీగల జోడింపులు విప్పి, మీటరును ఓములలో పెట్టి కొలిచినాను. విద్యుత్తు పుట్టించే కాయిలు అంకె చూపినది. పల్సర్ కాయిలు దగ్గర మీటరు ఏమియు చూపలేదు, తీగ తెగినట్లే. రోడ్డుప్రక్క చెట్టుక్రింద కూర్చున్నాను. సుమారు అరగంటకు ఇంజను చల్లబడినది. మీటరు మరల ఆనిస్తే, చక్కగా అంకె పలికినది!

వెంట్రుకవంటి ఆ రాగితీగ లోపల ఎక్కడనో చిట్లి ఉన్నది. వేడికి వ్యాకోచించి విడిపోతున్నది, చల్లబడి కలుస్తున్నది. సంకేతం లేనిదే పెట్టె తలుపు తెరవదు. ఎన్ని పెట్టెలు మార్చినా అంతే కదా?

నల్లపెట్టెను మాత్రం మీటరుతో నమ్మకంగా పరీక్షించలేము. లోపలి భాగాలను బంకలో ముంచి గట్టిపరచి ఉంటారు, విప్పడమూ కుదరదు. తక్కినవన్నీ నిర్దోషులని తేలిన తరువాతనే దానిని అనుమానించవలెను. ప్లగ్గు టోపీ విషయం వేరు. దానిలో సాధారణంగా 5,000 ఓముల నిరోధం ఉంటుంది; అది చెడితే టోపీ మార్చితే చాలును. టోపీలోనికి దూరే తీగ కొన పచ్చగా చిలుము పట్టి ఉంటే, కొంచెం కత్తిరించి మరల బిగించవలెను. వానలో బండి తడబడితే మొదట చూడవలసినది ఇక్కడనే. మాగ్నెటో చక్రాన్ని విప్పడానికి దానికి తగిన పుల్లరు వాడవలెను గాని సుత్తితో కొట్టరాదు. చక్రాన్ని ఇరుసుకు నిలిపే చిన్న చీల అరిగి జరిగినా రవ్వ వేళ తప్పుతుంది. అప్పుడు రవ్వ కనిపిస్తుంది, బండి మాత్రం కదలదు, లేదా వెనుకకు తన్నుతుంది.

పల్సర్ కాయిలు ఆటోనగర్‌లో దొరికినది. రెండు పెట్టెలకు వెచ్చించిన ధనంలో నాలుగవ వంతు కూడ కాలేదు. దానిని బిగించిన తరువాత నాకు ఒక సందేహం కలిగి, మొట్టమొదటి మెకానిక్కు "చచ్చినది" అని తీసి చేతిలో పెట్టిన అన్నగారి కాలపు పెట్టెను వెదకి తెచ్చి తగిలించినాను. రెండవ కిక్కుకు ఇంజను పలికినది. మండుటెండలో మచిలీపట్నం పోయి వచ్చినాను; ఎక్కడా ఆగలేదు. బండిలో ఇప్పటికీ ఉన్నది ఆ పాత పెట్టెయే. కొత్తవాటిలో ఒకటి పనిముట్ల సంచిలో ఉన్నది. రెండవది మావాడు తన స్నేహితునికి ఇచ్చినాడు. ఇచ్చేముందు పల్సర్ కాయిలు వేడిమీద కొలిచి చూచినాడట.