పదో తరగతి తర్వాత ఏ దారి?



భివండీలో ధామన్‌కర్ నాకా దగ్గర బి.ఎన్.ఎన్. కాలేజీ ఉంది. అది 1857లో ఏర్పడిన ముంబయి విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాల. కాబట్టి ఇంటి దగ్గర చదివినా చేతికొచ్చేది ఆ పెద్ద విశ్వవిద్యాలయం డిగ్రీయే.

అయితే ఏ డిగ్రీ అన్నది పన్నెండో తరగతి అయ్యాక ఆలోచిస్తే ఆలస్యమవుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను. ముంబయిలోని మాటుంగాలో ఉన్న, 1887లో స్థాపించిన వి.జె.టి.ఐ.లో టెక్స్‌టైల్ బి.టెక్. ఉంది. సాంచాల చప్పుడులో పెరిగిన మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి చదువేముంటుంది? కానీ దానికి భౌతికశాస్త్రం, గణితం కావాలి, ప్రవేశపరీక్ష రాయాలి. స్నేహితుడు చేరాడని పదకొండులో కామర్స్ తీసుకుంటే ఆ దారి దాదాపు మూసుకున్నట్టే.

కామర్స్ తక్కువ చదువని కాదు. నూలు కొనుగోలుకూ, బట్ట అమ్మకానికీ లెక్కలు తెలిసినవాళ్లు కావాలి, బి.కాం. అక్కరకొస్తుంది. సైన్సు చదివినవారు తర్వాత బి.కాం.లో చేరవచ్చు. అటునుంచి ఇటు రావడమే కష్టం.

తల్లిదండ్రులారా! పదకొండో తరగతి ఫారం నింపేముందు పిల్లల్ని కూర్చోబెట్టుకొని, ఏ డిగ్రీ చదవాలనుందో అడగండి. ఆ డిగ్రీకి ఏ సబ్జెక్టులు కావాలో కాలేజీకి వెళ్లి కనుక్కోండి. సంతకం ఆ తర్వాతే పెట్టండి.