సూది పట్టిన చేతికి లెక్క కూడా రావాలి



చండ్రుగొండ మండలంలో లంబాడీ తండాలు ఉన్నాయి. ఈ మండలం 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది.

లంబాడీ అవ్వల పాత బట్టలు చూశారా? కాంచళి అంటే రవిక. పేటియా అంటే లంగా. టుక్రి అంటే తలమీది ముసుగు. వాటి నిండా అద్దాలు, గవ్వలు, రంగుల దారాలు.

లంబాడీలు ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగేవారు. రైళ్లు, రోడ్లు వచ్చాయి. ఆ వ్యాపారం పోయింది. ఆడవాళ్ల కుట్టుపని మాత్రం నిలిచింది.

ఈ పనిలో ఎంత తెలివి ఉందో చూడండి. అద్దానికి చిల్లు ఉండదు. మరి బట్టకు ఎట్లా అంటుకుంటుంది? ముందు అద్దం మీద దారాలు అడ్డంగా, నిలువుగా లాగుతారు. తర్వాత ఆ దారాలను పట్టుకుని చుట్టూ కుడతారు. అద్దం కదలదు.

ఇప్పుడు మిషన్ కుట్టు వచ్చింది. ధర తక్కువ. తేడా ఎట్లా తెలుస్తుంది? బట్టను తిరగేసి చూడండి. మిషన్‌కు పైన ఒక దారం, కింద ఒక దారం ఉంటాయి. చేతికుట్టుకు ఒకటే దారం.

అయితే ఇంత పని చేసినా, "ఖాళీగా కూర్చుని కుడుతోంది" అంటారు. గోదావరి జిల్లాల్లో నరసాపురం ఆడవాళ్లు లేసు అల్లుతారు. ఆ లేసు విదేశాలకు పోతుంది. మరియా మీస్ అనే ఆమె వారి గురించి 1982లో పుస్తకం రాశారు. వాళ్లు రోజూ గంటల తరబడి అల్లేవారు. అయినా లోకం వాళ్లను పనివాళ్లు అనలేదు, ఇల్లాళ్లు అన్నది. కూలీ తక్కువ ఇచ్చింది.

కలిసి నిలబడితే వేరుగా ఉంటుంది. కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు ఉంది. అక్కడి లంబాడీ ఆడవాళ్లు ఒక కేంద్రంలో కలిసి కుడతారు. వారి కుట్టుకు 2010లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు పెట్టి ఇంకెవరో నకిలీ సరుకు అమ్మకూడదు. 2023లో హంపిలో 1,755 లంబాడీ కుట్టు వస్తువులు ఒకేచోట పెట్టారు. దానికి గిన్నిస్ రికార్డు దక్కింది.

ఇక ఒక లెక్క చేయండి. ఒక సంచి కుట్టడానికి 4 రోజులు పట్టింది అనుకోండి. రోజుకు 5 గంటలు. మొత్తం 20 గంటలు. బట్ట, దారం, అద్దాలకు 150 రూపాయలు. సంచి 400 రూపాయలకు అమ్మారు. మిగిలింది 250. గంటకు ఎంత పడింది? పన్నెండున్నర రూపాయలు! అది గిట్టుబాటేనా?

అందుకే ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎన్ని గంటలు పట్టిందో రాయండి. ఖర్చు రాయండి. బేరగాడు వస్తే ఆ పేజీ చూపించి ధర అడగండి. అవ్వల పాత కాంచళిని గిన్నెల బేరానికి ఇవ్వకండి. అందులోని కుట్లు చూసే కదా పిల్లలు నేర్చుకోవాలి.

ఇప్పుడు మీకు మీ పేరు రాయడం వచ్చింది. కుట్టిన ప్రతి ముక్క మూలన, చిన్నగా, దారంతో ఆ పేరు కుట్టండి.