పొద్దు గూకితే మొదలయ్యే రోజు

మంచిర్యాలలో పొద్దు గూకిందంటే మనకు రోజు అయిపోయినట్టే. కానీ అక్కడి సిరో మలబార్ కతోలికుల ఆరాధన లెక్కలో కొత్త రోజు అప్పుడే మొదలవుతుంది. వాళ్లు పాటించే సిరియాక్ సంప్రదాయంలో, యూదుల పద్ధతిలాగే, రోజు సాయంత్రంతో పుడుతుంది. ఆ వేళ చేసే ప్రార్థన పేరు ‘రంశా’. సిరియాక్ భాషలో ఆ మాటకు సాయంత్రం అనే అర్థం. పైకెత్తిన చేతులను సాయంకాల నైవేద్యంతో పోల్చే 141వ కీర్తన అందులో ముఖ్యం. కేరళలో పాతుకున్న ఈ సంప్రదాయానికి ఇక్కడ 1999లో ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది. పేరు ఆదిలాబాద్‌ది, పీఠం మాత్రం మంచిర్యాలలో!

గోదావరి దాటి ఇవతలికొస్తే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సీఎస్‌ఐ సంఘాలు. కరీంనగర్ అధ్యక్ష మండలం 1978 నాటిది. సీఎస్‌ఐలో కలిసిన పాయల్లో ఆంగ్లికన్ పాయ ఒకటి. మఠాల్లో సంధ్యవేళకొకటి, నిద్రకు ముందొకటిగా ఉన్న ప్రార్థనలను ఆంగ్లికన్లు 1549 నాటి ప్రార్థన పుస్తకంలో కలిపేశారు. పనీపాటా ఉన్నవాళ్లకు రెండుసార్లు ఎక్కడ కుదురుతుంది?

ఇళ్లలో పుస్తకంతో అంత పని ఉండదు. ఒక పాట, బైబిల్లో ఒక అధ్యాయం, తలా నాలుగు మాటలు, చివర పరలోక ప్రార్థన. దీన్నే కుటుంబ ప్రార్థన అంటారు. వేళ ఇంటిని బట్టి. సింగరేణి బొగ్గు గనుల్లో సెకండ్ షిఫ్టు మనిషి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి కావస్తుంది. ఆ వారం అతని క్షేమం కోరుతూ ముందే కానిచ్చేస్తారు. చిన్నపిల్లలు ఆమెన్ దాకా మేలుకుంటే గొప్పే.